గుమ్మడికాయ తల గన్‌మన్

మా ఆయన ఆదినారాయణ మండలాధ్యక్షుడుగా ఉన్న ఐదేళ్ళూ మా గేటు దగ్గర ఇద్దరు గన్‌మెన్ ఉండేవాళ్ళు. ప్రాణభయం ఉందని పెట్టుకున్న అర్జీ రాసింది నేనే, ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు కాబట్టి. నిజం చెప్పాలంటే ఆయన్ని చంపాలన్నంత శ్రద్ధ మా ఊళ్ళో ఎవరికీ లేదు. అయినా పెద్దమనిషి అన్నాక వెనక తుపాకీ ఉండాలని ఆయన పట్టు. సందు చివర టీ తాగడానికి వెళ్ళినా వెనక ఇద్దరూ నడిచేవాళ్ళు, పాపం వాళ్ళకీ రెండు టీలు దక్కేవి.

తర్వాత ప్రభుత్వం మారింది. గన్‌మెన్‌ని తీసేశారు. ఆ రోజు నుంచి పదకొండు నెలలుగా మా ఆయన గేటు దాటలేదు. క్షవరం కూడా ఇంటి వసారాలోనే. ఎవరైనా అడిగితే బీపీ అని చెప్పేవాడు.

అసలు సంగతి నాకు తెలుసు. రెండేళ్ళ కిందట కాలవ తూము దగ్గర, వంతు ప్రకారం నీళ్ళు తనకి రావాలని యల్లమంద అడిగినందుకు ఆయన అతని చెంప పగలగొట్టాడు. యల్లమంద మాకు వరసకి కొడుకవుతాడు, నాలుగెకరాల్లో మిరప వేసుకునే రైతు. అతను ఒకసారి మా ఆయన వంక, ఒకసారి వెనకున్న తుపాకుల వంక చూసి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు తుపాకులు లేవు. యల్లమంద ఇల్లు మాత్రం కాలవకి వెళ్ళే దారిలో అక్కడే ఉంది.

దసరా సెలవులకి నరసరావుపేట నుంచి మా మనవరాలు యశస్విని వచ్చింది. ఆరో క్లాసు చదువుతోంది. వచ్చినప్పుడల్లా తాతతో కాలవగట్టుకి వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం దానికి అలవాటు. ఈసారి రోజుకి నాలుగుసార్లు అడిగింది. ఆయన మొదటిరోజు బీపీ అన్నాడు, రెండోరోజు మోకాళ్ళు అన్నాడు, మూడోరోజు వర్జ్యం ఉందన్నాడు. పిల్ల మూతి ముడుచుకుని ట్యాబ్ తీసుకుంది.

అందులో దిమ్మెలు పేర్చే ఆట ఒకటి. మన్ను తవ్వి, చెట్లు నరికి, దిమ్మె మీద దిమ్మె పెట్టి ఇల్లు కట్టుకోవాలి. పక్కనే ఒక ఊరు, అందులో చేతులు కట్టుకుని తిరిగే పొడుగు ముక్కుల జనం. చీకటి పడితే దయ్యాలు వస్తాయి. కాపలాకి ఇనుప మనిషిని తయారుచేసుకోవచ్చని పిల్ల అనగానే, పేపరు చదువుతున్న మా ఆయన కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చాడు.

"వాడికి తుపాకీ ఉంటదా?" అన్నాడు.

ఉండదనీ, చేతులతోనే ఎగరేసి కొడతాడనీ అది చెప్పింది. అదీ బాగానే ఉందన్నాడు. నాలుగు ఇనుప దిమ్మెలు కావాలట. కింద ఒకటి, దాని మీద ఒకటి, దానికి అటూ ఇటూ చేతులకి చెరొకటి. తలకి కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయ. గుమ్మడికాయ అనేసరికి నేనూ కూరగాయల కత్తిపీట పక్కన పెట్టి వచ్చాను. మా గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టేది నేనే, ఆ విషయంలో నన్ను అడగకుండా ఎలా కుదురుతుంది?

ఆయన నన్నూ అడగలేదు, పిల్లనీ అడగలేదు. ముందు తలకాయ పెట్టమన్నాడు. నాయకుడు ముందు, మిగతావాళ్ళు తర్వాత అని ముప్పై ఏళ్ళ రాజకీయం నేర్పిన పాఠం. ఆ ఆటలో దిమ్మెలు గాల్లో కూడా నిలబడతాయట. పిల్ల గుమ్మడికాయని గాల్లో నిలబెట్టి దాని కింద ఇనుము పేర్చింది. ఇనుప మనిషి కదల్లేదు. మా ఆయన లేవమని రెండుసార్లు గదిమాడు కూడా. చివరికి పిల్ల, తల ఆఖర్న పెడితేనే ప్రాణం వస్తుందని చెప్పి, తీసి మళ్ళీ పెట్టింది. వాడు ఒళ్ళు విరుచుకుని నడిచాడు.

మన ఇంటి గుమ్మం ముందు నిలబడమని చెప్పవే అన్నాడాయన. వాడు నిలబడలేదు, తిన్నగా ఊళ్ళోకి పోయాడు. డ్యూటీ వదిలి ఎక్కడికి పోతున్నాడని ఈయన మండిపడ్డాడు. వాడు కాపలా కాసేది ఊరికని, మనం చేశాం కాబట్టి మనల్ని మాత్రం కొట్టడని పిల్ల చెప్పింది. కొట్టకపోవడం ఒక్కటేనా కాపలా అని ఆయనకి మింగుడు పడలేదు.

పరీక్షించి చూద్దామని ట్యాబ్ తనే లాక్కున్నాడు. టోపీ పెట్టుకున్న రైతు ఒకడు ఎదురొచ్చాడు. గోధుమలు ఇరవై ఇస్తే ఒక పచ్చ రాయి ఇస్తానన్నాడు. ఇది మరీ అన్యాయమని మా ఆయన వాణ్ణి ఒక్కటిచ్చాడు. కొట్టడం అలవాటైన చెయ్యి. మేము చేసిన ఇనుప మనిషి పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నాడు. దాంతో ఈయన ఇంకొకటిచ్చాడు. అప్పుడు ఇళ్ళ వెనక నుంచి ఇంకో ఇనుప మనిషి వచ్చాడు. మా ఆయన్ని గాల్లోకి ఎగరేశాడు, కింద పడ్డాక మళ్ళీ ఎగరేశాడు, అంతటితో ఆటలో ఆయన పని అయిపోయింది.

"మనం చేసినోడే కదే, నన్నెందుకు కొట్టాడు?"

"వీడు మనోడు కాదు తాతయ్యా. ఊళ్ళో మనుషులూ మంచాలూ సరిపడా ఉంటే వీడు తనంతట తనే పుడతాడు. ఊళ్ళోవాళ్ళని ఎవరు కొట్టినా కొడతాడు. నువ్వు ముందు కొట్టావుగా."

ఆయన నా వంక చూశాడు, నేను వెనకేసుకొస్తానని. తూము దగ్గర జరిగిన రోజు నాకు ఎంత సిగ్గేసిందో రెండేళ్ళుగా నోరు విప్పి చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను.

"ఆ రోజు యల్లమంద తరఫున రావటానికి ఎవరూ లేరు. మీ వెనక ఇద్దరు ఉన్నారు. అందుకే కొట్టారు మీరు."

ఆయన ట్యాబ్ పిల్ల చేతికిచ్చేశాడు. నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, "చెప్పులేసుకోవే, కాలవకి పోదాం" అని పిల్లని పిలిచాడు. నేనూ బయలుదేరాను. అక్కడేం జరుగుతుందో చూడకపోతే నాకు రాత్రికి నిద్ర పట్టదు.

యల్లమంద ఇంటి ముందు మంచం మీద కూర్చుని మిరపకి మందు కొట్టే పంపు బాగుచేసుకుంటున్నాడు. మా ఆయన ఆగాడు. ముప్పై ఏళ్ళు మైకు ముందు ఆగకుండా మాట్లాడిన మనిషి, ఒక్క ముక్కే అన్నాడు.

"ఆ రోజు నేను కొట్టకుండా ఉండాల్సింది, యల్లమందా."

యల్లమంద లేచాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, దగ్గరికొచ్చి, ఒక్కటిచ్చాడు. గట్టిగానే ఇచ్చాడు. ఎదురింటి పున్నమ్మ బిందె దించి నిలబడిపోయింది. మా ఆయన చెంప పట్టుకుని అలవాటు కొద్దీ వెనక్కి చూశాడు. వెనక నేనూ పిల్లా ఉన్నాం. మేమిద్దరం కదల్లేదు.

యల్లమంద మంచం మీదున్న పంపు తీసి కింద పెట్టి చోటు చేశాడు.

"కూర్చో బాబాయ్. ఆ రోజు నుంచి నీ గేటు ముందు నుంచి నడవబుద్ధి గాక, పాలకేంద్రానికి ఊరంతా చుట్టి పోతన్నా. రెండేళ్ళు. కాళ్ళు పడిపోతన్నయ్."

మా ఆయన చెంప తడుముకుంటూ కూర్చున్నాడు. కాలవ దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు వాలింది, యల్లమంద కూడా మాతో వచ్చాడు.