లేని గడ్డకు దక్కిన మర్యాద

"గడ్డ కాదన్నారుగా, ఇంక లే. సింకులో గిన్నెలు నిండిపోయాయి" అంది అత్తగారు గుమ్మంలోంచే.

కోడలు మంచం మీద అలాగే కూర్చుంది. ఆస్పత్రి నుంచి తెచ్చిన మందుల సంచి ఇంకా చేతిలోనే ఉంది.

పాప పుట్టిన దగ్గర్నుంచి తల పగిలిపోయేది. లేస్తే కళ్ళు తిరిగేవి. పాలు పడలేదు. "పిల్లకి పాలివ్వడానికి కూడా బద్ధకమేనమ్మా ఈవిడకి!" అని అత్తగారు పక్కింటావిడతో చెప్పి నవ్వింది. "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా?" అన్నాడు మొగుడు. పాలసీసా కడగమంటే "నాకు రాదు" అనేవాడు. ఆఫీసులో మేనేజరు "అన్ని సెలవులు తీసుకున్నా నిద్ర వదల్లేదా?" అన్నాడు. రాత్రింబవళ్ళు చేసిన చాకిరీ అతగాడికి సెలవులా కనిపించింది మరి!

తర్వాత స్కానింగులో మెదడు కింద, పిట్యూటరీ గ్రంథి దగ్గర, శనగగింజంత ఉబ్బు కనిపించింది. గడ్డ కావచ్చన్నారు. అంతే, ఇల్లు తిరగబడింది. రాదన్నవాడే సీసాలు మరగబెట్టాడు. అత్తగారు కంచం మంచం దగ్గరికే తెచ్చి, "తిని పడుకోమ్మా" అంది. అమ్మా అని! పెళ్ళయ్యాక ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు.

సంతోషం కలగాలి కదా? ఒళ్ళు మండింది. ఈ సేవలు తనకు కాదు, గడ్డకి. వండి, ఉతికి, కని, సంపాదించి తెచ్చిన మనిషికి ఇన్నేళ్ళూ దక్కని మర్యాద, శనగగింజంత దానికి ఏ పనీ చేయకుండానే దక్కింది. సవతి మీద కూడా ఎవరూ అంత కుళ్ళుకుని ఉండరు. మొగుడు దుప్పటి కప్పుతుంటే, తల చీల్చి దాన్ని బయటికి లాగి పారేయాలనిపించేది.

ఇవాళ డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. "గడ్డ కాదు. రోగాల నుంచి కాపాడాల్సిన మీ ఒంటి శక్తే ఆ గ్రంథి మీద పడింది. అందుకే వాచి, గడ్డలా కనిపించింది. కాన్పు రోజుల్లో కొందరికి ఇలా వస్తుంది. పాలు పడకపోవడం, ఆ నీరసం, అన్నీ దీనివల్లే. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. విశ్రాంతి కావాలి."

కాపాడాల్సినవాళ్ళే మీద పడటం ఆమెకు కొత్తేం కాదు. మొగుడికి మాత్రం మొదటి రెండు మాటలే వినబడ్డాయి.

"గడ్డ కాదుగా, తగ్గిపోతుందిలే" అన్నాడు ఇప్పుడు, సీసా తెచ్చి ఆమె ఒళ్ళో పెడుతూ. "ఇది కడిగి పాలు కలుపు. నాకు సరిగ్గా రాదు."

ఆమెకు నవ్వొచ్చింది. మాత్ర తీసి వేసుకుంది. సీసా తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"నీకొచ్చు. అత్తయ్యకీ వచ్చు. గడ్డకి అన్నీ చేశారుగా, చూశాను" అంటూ దుప్పటి లాక్కుని పడుకుంది. "అది లేదు. నేనున్నాను. నాకు చేయండి."