మోతి కాలు

"కుక్క కాలుకు పదిహేను రూపాయలా? ఊర్ల కుక్కలకు కరువొచ్చిందా?" రామచంద్రం మూడోసారి అన్నాడు.

"దాని మీదికెళ్లి తొక్కింది నువ్వే గదా," అంది భార్య అండాలు.

నిన్న అతని సైకిల్ కింద పడి మోతి కాలు విరిగింది. వంగిన చక్రాన్ని మాత్రం అతను నిన్ననే రామన్నపేటకు మోసుకుపోయి బాగు చేయించుకొచ్చాడు. ఇప్పుడు పసిపిల్లకు రాసినట్టు దానికి నూనె రాస్తున్నాడు. పక్కనే మోతి మూలుగుతోంది.

"పశువుల డాక్టరుకు సిగ్గు లేకున్నా మనకన్నా బుద్ధుండాలె," అన్నాడు.

అతని తల్లి సోమమ్మ మోతి ముందు నీళ్ల గిన్నె పెట్టింది. ఆమె వెండి కడియాలు అమ్మి కొన్న సైకిలది.

అందరూ అన్నానికి కూర్చున్నాక మెల్లగా చెప్పింది.

"రేపు మోతిని సైకిల్ మీద ఏసుకొని నేనూ అండాలూ దవాఖానకు పోతం. వచ్చేటప్పుడు సైకిల్ ఉండదు."