అదెలీనో సాస్

ముసలి వంటవాడు అదెలీనో, సాస్ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉన్నాడు. మోకాళ్లు ఎప్పుడో పని మానేశాయి. పొయ్యిగట్టుకు ఆనించి ఒంటిని నిలబెట్టాడు. బయట దోరో నది. పడవలు దిగిన యాత్రికులు పోర్తో నగరం మెట్లెక్కి వచ్చేసరికి సగంమంది ఆయాసంతో తమ దేశం పేరు మరిచిపోతారు. ఫ్రాన్సెసిన్యా పేరు మాత్రం మరవరు. రొట్టెల మధ్య మూడురకాల మాంసం, పైన కరిగిన చీజు, దాని నెత్తిన అదెలీనో సాస్.

సాస్ కిటుకు వంటవాడి సొంతం. చివర్లో సీసాలు వంపేటప్పుడు అతను తలుపు మూస్తాడు. లోపలున్నవాళ్లు గోడవైపు తిరుగుతారు. అది మర్యాద. అదెలీనో భార్యకు కూడా ఆవిడ చివరి ఘడియలోనే చెవిలో చెప్పాడంటారు. ఆవిడ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రేపు అతను చెల్లెలి ఊరికి వెళ్లిపోతున్నాడు. కిటుకు తెలియకపోతే యజమానురాలు ఒతీలియా తన తండ్రి ఇచ్చిన ఈ హోటల్ మూసుకోవాల్సిందే.

"బాబాయ్, ఇవాళైనా చెప్పవా? పుట్టినప్పట్నుంచీ అడుగుతున్నా."

"పుట్టినప్పుడు పాలడిగావమ్మాయ్. నేనక్కడే ఉన్నా."

"రేపు వచ్చేవాళ్లకేం పొయ్యను? నీ మోకాళ్ల నూనెనా?"

"పోసెయ్యి. కాస్త ఘాటు తక్కువ, అంతే."

గరిటె ఆగింది. "చెప్పే ఓపిక లేదు. చూసి నేర్చుకో."

తలుపు తెరిచే ఉంచాడు. అరలోంచి ఒక్కో సీసా తీసి, నిదానంగా వంపి, అలవాటుకొద్దీ మిగతా సీసాల గుంపులో కలిపేశాడు.

"చూశావా?"

ఒతీలియా గోడవైపు తిరిగి, కళ్లు కూడా గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. సీసా చప్పుడు వినగానే మెడ దానంతటదే తిరిగిపోయింది.

"అయ్యో!" అంది నాలుక కరుచుకుని.

నవ్వబోయాడు. దానికీ ఓపిక చాలలేదు.

"గోడ మాత్రం బాగా నేర్చుకుంది. కాసేపు కూర్చుని మళ్లీ చేస్తాలే."

పెరటి గుమ్మంలో స్టూలు మీద కూలబడ్డాడు. ఒతీలియా పళ్లేలు మోసింది. యాత్రికులు ఆఖరి చుక్క కూడా రొట్టెతో తుడిచి తిన్నారు.

"లే బాబాయ్, ఈసారి రెప్ప కూడా వెయ్యను," అంటూ వచ్చింది.

అతని గడ్డం గుండెకు ఆనుకుని ఉంది. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

"ఇంకాస్త సాస్!" అని ముందు గదిలోంచి ఎవరో అరిచారు.

ఒతీలియా పొయ్యి ఆర్పేసింది.

గుమ్మం పక్కన అతను విప్పిన బూట్లు, మడమలు అరిగి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.