బొడ్డుపేగు తాయెత్తు

మా అత్త రత్నవ్వ మెడలో ఒక రాగి తాయెత్తు ఉండేది. అందులో నా మొగుడు ప్రేమ్‌చంద్ బొడ్డుపేగు ఉందని వాడకట్టంతా ఎరుగుదురు. పిల్లల బొడ్డు ఎండి రాలాక తల్లి దాచుకోవడం మా దగ్గర మామూలే. కానీ కొడుక్కి ముప్పై దాటినా దాన్ని స్నానానికి కూడా తీయని మనిషిని మా అత్తనొక్కదాన్నే చూశాను. చీరలన్నిటికీ రాగి మరకలే. ఉతికేది నేనే కదా, సణగకుండా ఎలా ఉంటాను!

ప్రేమ్‌చంద్ దుబాయిలో కట్టడం మీద నుంచి పడి, నడుము విరిగి, కాళ్లు చచ్చుబడి, ఆర్మూర్‌కు స్ట్రెచర్ మీద వచ్చాడు. దుబాయి పోకముందు ఇక్కడి మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసేవాడు. బస్తా భుజాన పడితే చాలు, నడవడమే తెలియనట్టు ఉరికేవాడు. నేను అక్కడే కొమ్ములు ఏరుతూ ఆ కాళ్లను చూసే పెళ్లి చేసుకున్నాను. ఎవరేమనుకుంటే నాకేంటి, ఉన్న మాట అది. ఇప్పటికీ పొద్దున లేవగానే దుప్పటి తీసి ముందు ఆ కాళ్లనే చూస్తాను. రాత్రి ఏమన్నా కదిలాయేమోనని.

టీవీలో మూలకణాల మాట కొత్తగా వినబడుతున్న రోజులవి. పిల్ల పుట్టినప్పుడు బొడ్డుతాడు నుంచి తీసిన రక్తంలో ఆ కణాలుంటాయని, వాటిని సూదిమందులా ఇస్తే చచ్చిన నరాలు మళ్లీ మొలుస్తాయని, హైదరాబాదులో ఇస్తున్నామని ఒక తెల్లకోటాయన చెప్పాడు. ప్రేమ్‌చంద్ మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు.

“శ్యామలా! బొడ్డుదంటనే! నాది అవ్వ మెడల ఉన్నది గదనే!”

నవ్వకండి. నేనూ నమ్మాను. విత్తనం పసుపు ఎండి ముడుచుకుపోయి కూడా, నాలుగు చినుకులు పడితే మొలక వేస్తుంది. మనిషి పేగు మాత్రం ఎందుకు వేయదు అనుకున్నాను.

మా అత్త మాత్రం ఇవ్వనంది. “తాయెత్తు ఇప్పితే మంచిది గాదు” అని కొంగు కప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“కొడుకు కాళ్ల కన్న గదే ఎక్కువైందా అత్తా? సచ్చినంక ఎంట తీస్కపోతవా?”

ఒకటంటే పది అనే మనిషి, ఆ రోజు తాయెత్తును పిడికిట్లో పట్టుకుని గోడవైపు తిరిగింది. చివరికి పక్కింటి ఇస్హాక్ ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, “ఇయ్యరాదే అవ్వా! అన్న ఫికర్ తోని అన్నం గూడ తింటలేడు” అంటే అప్పుడు తాడు తీసింది. కొడుకు చేతిలో పెట్టి, తనూ మాతో ఆటో ఎక్కింది.

నిజామాబాద్‌లో ప్రేమ్‌చంద్‌ను మొదటి నుంచీ చూస్తున్న డాక్టరమ్మ తాయెత్తును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

“ఇది ఎండిపోయిన తోలు ప్రేమ్‌చంద్. ఇందులో బతికున్న కణం ఒక్కటి కూడా ఉండదు. బొడ్డు రక్తాన్ని కాన్పు కాగానే తీసి మంచు కన్నా చల్లగా దాచాలి. అట్లా దాచినది కొన్ని రక్తపు జబ్బులకు నిజంగానే పనిచేస్తుంది. విరిగిన వెన్నుకు మాత్రం ఇంకా పరీక్షలే చేస్తున్నారు. నడిపిస్తామని మాటిచ్చేవాళ్ల దగ్గరికి పోవద్దు. వాళ్ల చేతుల్లో రుజువు లేదు.”

“ఎన్నడన్న అయితదా మేడం?”

“కావచ్చు. ఎప్పుడని మాత్రం నేను చెప్పలేను.”

మా అత్త హమ్మయ్య అని ఊపిరి వదిలింది. నాకు వినబడింది. కొడుకు ఆశ అక్కడ నీరుగారిపోతుంటే ఈ ముసల్దానికి హాయెందుకో! 

“పానం లేకుంటే లేకపాయె. ఒక్కసారి చూడుర్రి మేడం” అని ప్రేమ్‌చంద్ తాయెత్తు తీసుకుని మూతను పళ్లతో లాగాడు. లక్క పెచ్చులుగా ఊడింది. అరచేతిలో వంచాడు. ఏమీ రాలలేదు. తట్టాడు. అందులో ఏమీ లేదు.

మా అత్త నేల మీద కూలబడింది.

“శ్యామల కడుపు పండనప్పుడు అరటిపండుల పెట్టి తినిపిచ్చిన కొడుకా! చెప్తే కక్కుతదని చెప్పలే. నీ కాళ్లకు అక్కెరకొస్తదని నాకేం ఎరుక బిడ్డా, నాకేం ఎరుక!”

ఆ అరటిపండు నాకు గుర్తుంది. గొడ్రాలు అని వాడకట్టు అంటున్న రోజులు. మింగేదాకా ఎదురుగా నిలబడి, నీళ్లు కూడా తనే తాగించింది. మరుసటి ఏడు ముత్తెమ్మ పుట్టింది.

“దానికీ కాన్పుకీ సంబంధం లేదమ్మా” అంది డాక్టరమ్మ నన్ను చూసి. తలూపాను. కానీ నా మొగుడి కాళ్లను నేనే తిన్నానన్న మాట గొంతుకు అడ్డం పడింది. ఎండిన పేగులో బతికున్న కణమే ఉండదని ఇప్పుడే విన్నాను కదా, అయినా దిగలేదు. అత్తను చెయ్యి పట్టి లేపాను.

మళ్లీ ఆటో ఎక్కాం. మాక్లూర్ దాటింది, ఆర్మూర్ వచ్చింది. మా గల్లీ మొదట్లోనే ముత్తెమ్మ ఎదురొచ్చి, “బాపూ!” అంటూ ఆటో పక్కనే ఉరికింది.

“ఆపు ఇస్హాక్” అన్నాడు ప్రేమ్‌చంద్. పిల్లను తిడతాడేమోనని భయపడ్డాను.

“బిడ్డా, గా పసుపు బండి దాకా ఉరికి రాపో.”

అది ఉరికింది. నా మొగుడు ఆటోలోంచి సగం బయటికి వంగి చూశాడు. పిల్ల ముఖం కాదు, పాదాలే చూశాడు. నేను రోజూ పొద్దున్నే అతని కాళ్లను చూసినట్టే. రెండు చేతులతో తన మోకాళ్లను గట్టిగా పట్టుకున్నాడు.

“ఇంకోసారి ముత్తీ.”

మళ్లీ ఉరికొచ్చింది. రొప్పుతోంది.

“ఇంకొక్కసారి.”

“ఎందుకు బాపూ?”

“నాకు ఉరుకబుద్ధయితున్నది బిడ్డా.”

పిల్ల చెప్పులు విడిచి వాళ్ల నాయనమ్మ ఒళ్లో వేసి, మళ్లీ ఉరికింది.