చప్పిడి కూడు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే మాస్టరుకు ఆ వారమంతా కాలు నిలవలేదు. కూర ఒకచోట, మనసు ఒకచోట. ఇంట్లో భార్య మనిషి మనిషిలా లేదు. తను నడిపే ఇస్త్రీ దుకాణంలో ఒకరి చొక్కాలు మరొకరికి కట్టి ఇస్తోంది. ఇదేమిటంటే కసురుతుంది, కసిరి ఏడుస్తుంది. నిన్న సాయంత్రం సొంత ఇంటి మెట్ల మీద కూర్చుని, "ఏమండీ, మన ఇల్లు ఎటు?" అంది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. తన మనిషికి మతి పోతోందనే భయంతో తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

కొన్నాళ్ల క్రితం అదే ఆసుపత్రిలో డాక్టరమ్మ అతన్ని ఉప్పు తగ్గించమంది. బీపీ దిగిరానంటోంది మరి. ఆ రోజే ఆ ఇల్లాలు ఉప్పు డబ్బాను అటకెక్కించింది. మొగుడు చప్పిడి తింటుంటే తను ఉప్పూకారం తినడమా అనుకుని తనూ అదే తింది. చెబితే వినే ఘటమా!

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందమ్మా. ఇస్త్రీ వేడికి చెమటలు కారుస్తారు, చెంబులకు చెంబులు నీళ్లు తాగుతారు, పైగా చప్పిడి తిండి. బుర్ర తికమకపడక ఏం చేస్తుంది?"

ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు. మాస్టరు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ నర్సు చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. మర్నాటికి ఆమె మాట తేటపడింది. అతని ప్రాణం లేచొచ్చింది.

"పనిలో పని, మీదీ చూద్దాం" అని డాక్టరమ్మ అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసి మొహం చిట్లించింది. "ఇదేంటండీ, ఇంకా పెరిగింది?"

మంచం మీద నుంచి భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "చిటికెడు ఉప్పు కూడా పడనివ్వలేదే! నా వంటలో ఎక్కడ పొరపాటు జరిగిందండీ?"

ఆ మాట అతన్ని కోసేసింది. "నీ తప్పేం లేదే" అన్నాడు మెల్లగా. "క్యాంటీన్‌లో ప్రతి గిన్నె రుచీ చూడాలి కదా. గరిటెడు చూస్తా, ఉప్పు చాలకపోతే వేసి మళ్లీ చూస్తా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే."

"మరి నాకు చెప్పలేదే?" అంది డాక్టరమ్మ.

"అది తిండి కాదు కదమ్మా, పని!"

భార్య ఏడుపు ఆపి అతని వైపు చూసింది.

"అంటే ఇన్నాళ్లూ ఆ చప్పిడి కూడు నేనొక్కదాన్నే తిన్నానా?"