మామ ఎక్కని మేడ

పెళ్ళయి నెల కూడా కాలేదు. మేడమీది మా గది తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరగడమే నాకొక పండుగ. కిటికీ తెరిస్తే గుడియాత్తం అవతలి కొండలు మంచం దాకా వచ్చినట్టుంటాయి. లోటల్లా ఒక్కటే. ఆ గదిని మామ ఇంకా చూడలేదు.

మామ జయరాములు పేరున్న మేస్త్రీ. నిరుడు వేలూరులో ఆయన గుండెకు బైపాస్ చేశారు. ఆయన మంచం మీద ఉండగానే నా భర్త సురేంద్రన్ వేరే మేస్త్రీని పెట్టి ఈ గది కట్టించాడు. బరువులు ఎత్తకూడదని ఆస్పత్రిలో చెప్పి పంపారు. ఆ మాటను అత్త పాపాతి గట్టిగా పట్టుకుంది.

"మెట్లెక్కితే తన ఒళ్ళు తానే ఎత్తినట్టు గదా? అదీ బరువే" అంటుంది. ఒకప్పుడు మామ కట్టే గోడలకు ఇటుకలు మోసిన మనిషి. మెట్ల మీద బరువంటే ఏమిటో ఆమెకు ఒంటితో తెలుసు.

అందుకే మామ వరండా కుర్చీలోనుంచి నా కళ్ళతో గదిని చూసేవాడు.

"అమ్మా, స్నానాల గదిలో నీళ్ళు ఎటు పోతా ఉండాయి?"

నేను పైకి పరుగెత్తి, చెంబుడు నీళ్ళు పోసి, నవ్వుకుంటూ దిగేదాన్ని. "తూముకి కాదు, తలుపు వైపుకి, మామా!" ఆయనా నవ్వేవాడు.

ఒకరోజు ఆయన నవ్వలేదు. "కుర్చీలో కూర్చోని అడిగేదానికేనా నన్ను బతికించినారు, తల్లీ?"



మర్నాడు వేలూరులో చెకప్. నేనూ వెళ్ళాను. అత్త లెక్క విని డాక్టరు నవ్వాడు. "ఆయన ఒళ్ళు ఆయన మోసుకోవచ్చమ్మా. నిదానంగా ఎక్కమనండి. ఆయాసం వస్తే నిలబడమనండి."

తిరుగు బస్సెక్కాం. విరించిపురం దాటాక అత్త నాతో అంది, "డాక్టరుకేం, చెప్తాడు. ఆపరేషను గది బయట కూర్చున్నింది నేను."

ఇంటికి రాగానే మామ మెట్ల మొదట్లో గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అత్త అడ్డం వచ్చింది.

"జరుగు, పాపాతీ."

"జరగను."

"అయితే ముందర నువ్వు నడువు. పడితే పట్టుకుందువు."

"ముందర పోతే యెట్ల పట్టుకునేది? మేస్త్రీవి, ఇదీ తెలీదా? యెనక వస్తా."

అనేశాక గాని తానేమందో అత్తకు తెలియలేదు. మామ అప్పటికే మొదటి మెట్టు ఎక్కేశాడు. రెండు చేతులూ చాచుకుని, తిట్టుకుంటూ, ఆమె వెనకాలే ఎక్కింది. మధ్యలో ఆయన ఆగితే ఆమె ఊపిరి కూడా ఆగింది.

పైకి చేరాక మామ కొండల వంక చూడనే లేదు. వేలి కణుపుతో గోడ మీద కొట్టి చెవి ఆనించాడు.

"సురేంద్రా! యెవుడ్రా ఈ పూత పూసినాడు? లోపలంతా బోలుగా ఉండాది!"

అత్త ఆయన ఎదమీద అరచెయ్యి పెట్టింది. "అరవద్దు."

"అరవనీవే."

ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. తర్వాత తీసేసి, కింద ఉన్న కొడుకుని తానే కేకేసింది, "వచ్చి మీ నాయన చెప్పేది వినరా!"

ఆ గోడ పూత మొత్తం రాలగొట్టాలన్నాడు మామ. దుమ్ము పడకుండా నేను అప్పటికే నా కొత్త చీరలన్నీ మంచం మీద మూట కట్టేస్తున్నాను.