మోకాళ్ల మీద చేసే పని

మా నాటకశాల దుస్తుల గదిలో ముప్పై ఏళ్లుగా గౌన్ల అంచులు సరిచేసేది నేనే. నటి నిలబడి ఉంటే నేను నేల మీద మోకాళ్లూని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, చుట్టూ జరుగుతూ మడత ఎక్కడ పడాలో గుర్తులు పెడతాను. నోట్లో సూదులున్నంతసేపే నేను నోరు మూసుకుని ఉంటానని మా ఆయన ఊరంతా చెబుతుంటాడు. చెప్పుకోనీ.

పోయిన చలికాలంలో అలాగే కిందికి దిగినదాన్ని మళ్లీ లేవలేకపోయాను. ఇద్దరు సైనికులు, అంటే నాటకంలో సైనికులే, చెరో రెక్కా పట్టుకుని లేపారు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే తీయించి మోకీళ్లు అరిగాయన్నాడు. దుస్తుల గదిని నడిపే పెద్దక్క మర్నాడే తేల్చేసింది.

"రాణి వేషం గౌను ఫిట్టింగుకి ఇంకా మూడు నెలలుంది. అప్పటికీ కిందికి దిగి లేవలేకపోతే బొత్తాల బల్ల దగ్గరికి వచ్చెయ్యవే. అంచులు కొత్తమ్మాయి చూసుకుంటుంది."

బొత్తాలు కుట్టడం తప్పేమీ కాదు. కానీ గౌను ఎలా జారుతోందో, ఎక్కడ ముడుచుకుని అలుగుతోందో నేల మీంచి చూస్తేనే తెలుస్తుంది. ఆ చోటు నాది. ఇంకొకరికి ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు.

డాక్టరు పంపిన ఫిజియోథెరపీ అమ్మాయిది మా కోడలి వయసు. కాళ్లు చాపుకుని పడుకోమంటుందని ఆశపడి వెళ్తే, ఆ పిల్ల నా చీలమండలకి బరువులు కట్టింది.

"అరిగినదాన్ని ఇంకా అరగదీస్తావా ఏంటమ్మా?" అన్నాను.

"కీలు అరిగింది పిన్నిగారూ. కండ గట్టిపడితే ఆ కీలు మీద భారం తగ్గుతుంది. కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి సర్దుకోవాలి. సర్దుకోకపోతే బరువు తగ్గిద్దాం."

వారానికి మూడు రోజులు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, బరువుతో కాలు చాచడం, మెట్టు ఎక్కి దిగడం. మొదటి రోజు ఆ పిల్లని తిట్టని తిట్టు లేదు, మనసులోనే అనుకోండి. ఇంటి దగ్గర మా ఆయన లెక్కపెట్టేవాడు. ప్రేమకొద్దీ ఏడు తర్వాత తొమ్మిది అనేవాడు. నేనే కసిరి ఎనిమిదోది చేసేదాన్ని.

నా అతితెలివి ఊరుకుంటుందా? కండ పెరుగుతోందో లేదో చూద్దామని వారం వారం తొడ కొలత రాసిపెట్టాను. ఐదో వారానికి అంగుళం పైనే పెరిగింది! ఆ కాగితం తీసుకెళ్లి ఆ పిల్ల ముందు గొప్పగా పెట్టాను.

"ఇంత తొందరగానా? ఏదీ, నా ముందు కొలవండి," అంది.

కొలిచాను. ఆ పిల్ల నా చేతి వైపు చూసి పకపకా నవ్వింది. టేపు కింద నా వేళ్లు రెండున్నాయి. బట్ట ఒంటిని పట్టెయ్యకూడదని అందరికీ అలా వదులు పెట్టే కొలుస్తాను. మొదటి వారం టేపు ఒంటికి ఆనించి కొలిచింది మా ఆయన, తర్వాతవన్నీ నేను. వేళ్లు తీసేస్తే పెరిగింది గోరంత. సిగ్గుతో చచ్చాను.

"టేపు సంగతి వదిలెయ్యండి. మొదట్లో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు?"

"నాలుగు. అయిదోసారికి ఏడుపొచ్చింది."

"ఇప్పుడో?"

"పన్నెండు," అన్నాను. అన్నాక గానీ నా చెవులకి ఆ మాట ఎక్కలేదు. ఇంటికి నడిచే వెళ్లాను ఆ రోజు.

ఫిట్టింగు రోజున మందపాటి దిండు వేసుకుని రాణిగారి పాదాల దగ్గర మోకాళ్లూనాను. ఆ గౌను ఘేరా, అదే కింది అంచు చుట్టుకొలత, సామాన్యమైనది కాదు, ఒక చుట్టు పూర్తయ్యేసరికి చెమటలు పట్టాయి. ఇక లేవాలి. కొత్తమ్మాయి చెయ్యి అందించబోతే వద్దని తలూపాను. ఒక పాదం ముందుకు వేసి, తొడల్లోకి బలం తెచ్చుకుని లేచాను. కుడి మోకాలు కలుక్కుమంది గానీ నిలబడ్డాను. రాణిగారు గౌనులో సూదులున్న సంగతి మరచి నన్ను కావలించుకుని కెవ్వుమంది.

అందరూ వెళ్లాక పెద్దక్క తలుపు దగ్గరికి వేసి నా ఎదురుగా కూర్చుంది. ఒకప్పుడు నేల మీద బట్ట పరిచి కత్తిరించేది ఆవిడే. ఏడేళ్ల కిందట ఆ పని మానేసి బల్ల దగ్గరికి మారింది.

"హోదా కోసం మారాననుకున్నారు కదే మీరంతా? కింద కూర్చుంటే లేవలేక మారాను. ఎవరికీ చెప్పుకోలేదు. ఇంక ఇంతే కాబోలు అనుకున్నా. నిన్నూ ఇక్కడే కూర్చోబెట్టెయ్యబోయా."

నాకు కోపం రావాలి, రాలేదు. ఏడేళ్లుగా ఆవిడకి పొగరని చెప్పుకు తిరిగింది నేనే.

"ఎల్లుండి పొద్దున్న నాతో వస్తావా అక్కా?"

"నా వయసుకి పనికొస్తుందంటావా?" ఆవిడ గొంతులో భయం వినడం అదే మొదటిసారి.

"ముందు రా. ఆ పిల్లే చెబుతుంది."

సరేనని, రెండు చేతులతో బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. ఇన్నేళ్లు పక్కపక్కనే పనిచేశాం. ఆవిడ అలా లేవడం నేను ఒక్కసారీ గమనించలేదు.